ఒకే పెట్టె, రెండు పద్దులు: కరువు సీమలో రోడ్డూ, బడీ

మన సంఘం ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్ర మీద ఏదైనా రాసి ఇవ్వమని కార్యవర్గం వారు కోరారు. కొండారెడ్డి బురుజు గురించీ, కర్నూలు నవాబుల గురించీ, దేవుని కడప గురించీ, బ్రౌను దొర గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా పద్దు పుస్తకాల మధ్య గడిపిన గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర ఖర్చుల కాలములో ఉంటుంది. అందుచేత రెండు పద్దుల గురించి రాస్తాను. ఒకటి రోడ్ల పద్దు, రెండోది బడుల పద్దు. మన కర్నూలు, కడప జిల్లాలలో మామూలు రోజుల్లో ఈ రెండింటికీ డబ్బు ఒకే పెట్టెలో నుంచి వచ్చేది. కరువు వస్తే ఆ పెట్టె ఖాళీ అయ్యేది. అప్పుడు పైనుంచి సర్కారు డబ్బు వచ్చేది గాని అది రోడ్డు పనికి మాత్రమే వచ్చేది. మాలపల్లె, మాదిగపల్లె పిల్లల బడికి వచ్చేది కాదు. ఎండలో కూర్చుని ఆ రోడ్డుకు కంకర కొట్టినవారిలో ఆ పిల్లల తల్లిదండ్రులు ముందు వరుసలో ఉండేవారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక వివరాల్లోకి వెళ్తాను.

ముందు ఆ పెట్టె సంగతి. 1865లో మద్రాసు సర్కారు పట్టణాభివృద్ధి చట్టం చేసింది. దాని కింద మునిసిపాలిటీలు ఏర్పడి ఇంటిపన్నులు వేసి వీధులు, దీపాలు, పారిశుద్ధ్యం చూడడం మొదలుపెట్టాయి. 1871లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పట్టణాలకు, రెండోది పల్లెలకు. పల్లెల చట్టాన్ని లోకల్ ఫండు చట్టం అనేవారు. భూమి శిస్తు మీద రూపాయికి అణా దాకా సెస్సు వేసి, దానితో రోడ్లు, బడులు, ఆసుపత్రులు, సత్రాలు నడపాలి. అందులో పెద్ద వాటా రోడ్లదే. 1884లో జిల్లా బోర్డులూ, తాలూకా బోర్డులూ వచ్చినా ఈ పద్ధతి మారలేదు. బోర్డుకు అధ్యక్షులు చాలా కాలం కలెక్టర్లే కాబట్టి బోర్డు అన్నా కచేరీ అన్నా జనానికి ఒకటే.

సెస్సు అంటే శిస్తుకు తోక. వాన పడక శిస్తు వసూలు నిలిచిపోతే తోక కూడా నిలిచిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టా జిల్లాలలో ఆనకట్టల కింద పంట నిలకడగా ఉండేది కాబట్టి సెస్సూ నిలకడగా వచ్చేది. మన దగ్గర కర్నూలు కడప కాలువ ఉంది గాని, దాని కింది భూమి ఎంత? మిగతాదంతా నల్లరేగడి మెట్టా, ఎర్ర గరుసు నేలా. పంట బాగా వచ్చిన ఏడు బోర్డుకు రెండు డబ్బులు మిగిలేవి. తర్వాతి ఏడు అవీ ఉండేవి కావు. ఇలాంటి పెట్టె మీద ఆధారపడిన బడి ఎలా ఉంటుందో, ఆఫీసులో బడ్జెట్ తయారు చేసినవారికి నేను చెప్పనక్కరలేదు. ముందు జీతాలు, తర్వాత అద్దెలు, చివర మరమ్మతులు. మరమ్మతుల కాలం దగ్గరికి వచ్చేసరికి 'నిధుల లభ్యతను బట్టి' అని రాస్తాం.

ధాత కరువు పేరు మన తాతమ్మల నోట విన్నవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. 1876లో మొదలై ఈశ్వర నామ సంవత్సరం దాటి 1878 దాకా సాగింది. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కల్లో తొమ్మిది లక్షలు దాటి ఉండగా, 1881 లెక్కలకు ఏడు లక్షల లోపుకు పడిపోయింది. చచ్చినవారు కొందరు, దేశాంతరం పోయినవారు కొందరు. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. నరహరి గోపాలకృష్ణమశెట్టి గారు 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ వెలువరించే నాటికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

ఆ కరువులో సర్కారు చేసిన ముఖ్యమైన ఏర్పాటు పనులు తెరవడం. పనులంటే చెరువు కట్టలకు మట్టి వేయడం, కాలువలు తవ్వడం, అన్నిటికంటె ఎక్కువగా రోడ్లు వేయడం. దీనికి కారణం ఉంది. కంకర కొట్టడానికి నైపుణ్యం అక్కరలేదు. ఒక సుత్తె, ఒక గంప ఉంటే చాలు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూర్చున్న చోటనే కొట్టవచ్చు. కొట్టిన కంకరను రోడ్డు పక్కన కుప్పలుగా పేరిస్తే, పెట్టె పెట్టి కొలవవచ్చు. కొలవగలిగిన పనికే బిల్లు చేయగలం. గుమాస్తాకు ఇంతకంటె వీలైన పని లేదు! అందుకే తర్వాత వచ్చిన కరువు నిబంధనల్లో 'పరీక్ష పని' అనే మాట చేరింది. కరువు ఉందో లేదో తేల్చడానికి ముందు కంకర పని తెరిచి చూడాలి. తక్కువ కూలికి, ఎక్కువ పనికి జనం గుంపులుగా వస్తే కరువు ఉన్నట్టు. అంటే ఆకలికి కొలబద్ద కంకర కుప్ప.

1877 జనవరిలో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలి రేటు తగ్గించాడు. పెద్దవారికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా. పౌను అంటే మన అర కిలో కంటె తక్కువ. మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని లెక్కలతో వాదించాడు. కొన్ని నెలల తర్వాత రేటు పెంచక తప్పలేదు. ఈ రేటు పట్టికలో పిల్లలకు కూడా ఒక వరుస ఉంది, పెద్దవారిలో సగం అని. ఈ వరుస దగ్గర నేను చాలాసేపు ఆగాను. రోడ్డు మీద పని చేసే పేద పిల్లవాడికి సర్కారు పుస్తకంలో ఒక రేటు ఖరారై ఉంది. అదే పిల్లవాడికి బోర్డు బడిలో ఒక చాప ముక్క ఖరారు కావడానికి ఇంకా రెండు తరాలు పట్టింది.

ఇక్కడ మనకు సంబంధించిన చిన్న మాట. మనం 'కరువు భత్యం' అనే మాటను జీవితమంతా వాడాం. విడత ఎప్పుడు వస్తుంది, బకాయి ఎప్పుడు ఇస్తారు అని అడిగాం. ఆ మాటలో కరువు అనేది ఎలా చేరిందా అని ఎవరమూ ఆలోచించలేదు. కరువు పని కూలి కూడా ధాన్యం ధరను బట్టి పెరిగేది, తరిగేది. ధరల పట్టిక చూసి కూలి కట్టే పద్ధతి ఈ సీమలో ముందు కంకర కొట్టినవారికి వచ్చింది, గుమాస్తాలకు తర్వాత వచ్చింది.

అదే కరువులో మనకు తూర్పున ఒంగోలు దగ్గర ఒక సంగతి జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం తానే కంట్రాక్టు తీసుకుని, మాదిగలకు పని ఇచ్చాడు. పని ముగిసిన తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం సంగతి నేను చర్చించడం లేదు. నేను గమనించింది వేరు. ఆ కాలువ గట్టు మీద కూలితోపాటు బడి కూడా వచ్చింది. మన జిల్లాలలో ముత్యాలపాడు, నంద్యాల, జమ్మలమడుగు, కడప, కర్నూలు మిషన్ల వారు మాలపల్లెలలో బడులు పెట్టారు. సర్కారు రోడ్డు వేసి వెళ్లిపోయిన చోట మిషను వారు పలక పట్టుకుని నిలబడ్డారు. మంచో చెడో, జరిగింది అది.

ఇక బడి పద్దు. చట్టం ప్రకారం సర్కారు బడి అందరిదీ. ఈ సూత్రం కొత్తది కాదు. 1856లో ధార్వాడలో ఒక మహార్ బాలుడు సర్కారు బడిలో చేర్చుకోవడం లేదని అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి సర్కారు అతని పక్షాన న్యాయం ఉందని ఒప్పుకుంటూనే చేర్చుకోలేదు. దాని మీద పైవారు ఆక్షేపించారు. సర్కారు ఖర్చుతో నడిచే బడి కులభేదం లేకుండా అందరికీ తెరిచి ఉండాలని కంపెనీ డైరెక్టర్లు తేల్చారు. 1882 నాటి హంటర్ కమిషన్ ఆ సూత్రాన్ని మళ్లీ చెప్పి, పక్కనే ఇంకో వాక్యం చేర్చింది. ఎక్కడ వ్యతిరేకత ఉందో అక్కడ తక్కువ కులాలవారికి ప్రత్యేక బడులు పెట్టి ప్రోత్సహించవచ్చునని. ఫైళ్లు చూసినవారికి ఈ రెండో వాక్యం బలం తెలుసు. మొదటి వాక్యం సూత్రం, రెండోది వెసులుబాటు. ఆఫీసు ఎప్పుడూ వెసులుబాటు వైపే నడుస్తుంది.

1893లో మద్రాసు సర్కారు పంచమ విద్య మీద ఒక పెద్ద జీవో ఇచ్చింది. అప్పటి భాషలో పంచములంటే మాల, మాదిగ, పరయ మొదలైనవారు. వారి బడులకు ఎక్కువ గ్రాంటు, ఉపాధ్యాయ శిక్షణకు సాయం, బడి కట్టడానికి పోరంబోకు స్థలం, రాత్రి బడులు. నిజంగా మంచి జీవో. మిషన్లు దాన్ని బాగా వాడుకున్నాయి. బోర్డులు అంతగా వాడుకోలేదు. ఎందుకంటే బోర్డు బడి అనేది చాలా ఊళ్లలో అసలు భవనం కాదు. ఒక అరుగు, ఒక గుడి మండపం, ఒక చావడి. ఆ అరుగు ఉన్న వీధిలోకే రానివ్వని పిల్లవాడిని బడిలోకి ఎవరు రానిస్తారు? ప్రవేశ రిజిస్టరులో కులం చూసి తీసివేయనక్కరలేదు. బడి ఎక్కడ పెట్టారన్నదే చాలు. జీవోలో ఎన్ని పేరాలున్నా బడి స్థలమే అసలు జీవో.

ఈ కిటుకు సర్కారుకు కూడా తెలిసింది. 1919 మార్చిలో మద్రాసు సర్కారు స్పష్టంగా ఉత్తర్వు చేసింది. బోర్డుల, మునిసిపాలిటీల బడులన్నీ పంచమ పిల్లలకు అందుబాటులో ఉండాలి, అగ్రహారాల్లో, గుడుల్లో, వారికి ప్రవేశం లేని చావడుల్లో ఉన్న బడులను వేరే చోటికి మార్చాలి. ఆ సందర్భంలో తేలిన లెక్క చెప్పుకోదగ్గది. రాజధాని మొత్తం మీద ప్రభుత్వ యాజమాన్యంలోని ఎనిమిది వేల పైచిలుకు బడుల్లో పంచమ పిల్లలు చేరగలిగినవి ఆరు వందల చిల్లర. పదింటికి ఒకటి కూడా కాదు.

ఉత్తర్వు బాగుంది. బడి మార్చాలంటే స్థలం కావాలి, అద్దె కావాలి, లేదా కట్టడానికి డబ్బు కావాలి. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసి ధరలు మండిపోతున్న రోజులు. 1920లో కొత్త లోకల్ బోర్డుల చట్టం, జిల్లా మునిసిపాలిటీల చట్టం, ప్రాథమిక విద్యా చట్టం వరుసగా వచ్చాయి. విద్యా సెస్సు వేసుకోవచ్చునన్నారు. మెట్ట తాలూకాల్లో సెస్సు మీద సెస్సు వేస్తే వసూలయ్యేది ఎంత? అందుచేత బడి మారని చోట ఇంకో దారి తొక్కారు. 1920 నాటికి లేబర్ కమిషనర్ అనే అధికారి వచ్చాడు. పేరు లేబర్ అయినా ఆయన పనుల్లో ముఖ్యమైనది అణగారిన కులాలకు ఇళ్ల స్థలాలు, బావులు, బడులు ఏర్పాటు చేయడం. బోర్డు బడిలో చేర్చుకోని చోట లేబర్ శాఖ పల్లె దగ్గరే వేరు బడి తెరిచేది. అదే మన పాతవాళ్లు చెప్పుకునే 'లేబర్ స్కూలు'. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ గారి అధ్యక్షతన జరిగిన సభలో ఆది ఆంధ్రులమని పేరు పెట్టుకున్నవారి పిల్లలు, 1922లో సర్కారు కూడా ఆ పేరును ఒప్పుకున్న తర్వాత, ఆ వేరు బడిలోనే పలక పట్టారు.

లేబర్ స్కూలంటే ఏమిటో కొత్త తరానికి చెప్పాలి. ఒక గుడిసె లేక ఒక రేకుల కొట్టం. ఒకే ఉపాధ్యాయుడు, నాలుగైదు తరగతులు. వానాకాలంలో కప్పు కారితే సెలవు. ఎండాకాలంలో తల్లిదండ్రులు కూలికి వలసపోతే పిల్లలూ వెంట పోయేవారు కాబట్టి హాజరు ఉండదు. హాజరు లేదని గ్రాంటు తగ్గుతుంది, గ్రాంటు తగ్గిందని కప్పు వేయరు. ఈ చక్రం మన జిల్లాలలో ప్రతి కరువుకూ ఒకసారి తిరిగేది. నాపరాయి దొరికే మన సీమలో, బేతంచెర్ల బండలూ కడప బండలూ దేశమంతా పోతున్న సీమలో, పిల్లలు కూర్చోడానికి నాలుగు బండలు పరిచిన లేబర్ స్కూలు ఉందంటే ఆ ఉపాధ్యాయుడు గట్టివాడని అర్థం.

వేరు అన్నంత మాత్రాన అంతా అవమానమని నేను అనను. కర్నూలులో ఉర్దూ బడులు వేరుగా ఉండేవి, ఆడపిల్లల బడులు వేరుగా ఉండేవి. వాటిని తల్లిదండ్రులు అడిగి పెట్టించుకున్నారు. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఉస్మానియా కళాశాల పెట్టినప్పుడు ఊరు సంతోషించింది. లేబర్ స్కూలును ఎవరూ 'మాకు వేరుగా కావాలి' అని మొదట అడగలేదు. వారు అడిగింది బడి. ఇచ్చింది వేరు బడి.

రోడ్డు విషయంలోనూ ఇదే కథ. పల్లెవాసులు వేసిన రోడ్డు మీద వారే నడవరాదన్న ఊళ్లు రాజధానిలో కొల్లలు. 1924లో తిరువాన్కూరులోని వైకంలో గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం సాగుతుండగానే, మద్రాసు శాసనమండలిలో ఆర్. వీరయ్యన్ అనే సభ్యుడు తీర్మానం పెట్టాడు. ప్రజల సొమ్ముతో నడిచే వీధులు, బాటలు, బావులు, చెరువులు అందరికీ తెరిచి ఉండాలని. మండలి ఆమోదించింది. ఆ సెప్టెంబరులో సర్కారు ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఇప్పుడు ఒక లెక్క వేయండి. బడి తెరిచిన ఉత్తర్వు 1919లో వచ్చింది. ఆ బడికి పోయే వీధి తెరిచిన ఉత్తర్వు 1924లో వచ్చింది. మధ్య ఐదేళ్లు ఆ పిల్లవాడు బడికి ఎటు నుంచి వెళ్లాలి?

అమెరికా సంగతి చదివినప్పుడు నాకు ఒక తేడా తోచింది. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారి పిల్లలకు వేరు బడి అని చట్టమే చెప్పింది. 'వేరు, అయినా సమానం' అంటే తప్పు లేదని వారి సుప్రీంకోర్టు 1896లో తీర్పిచ్చింది. 1929 తర్వాత ఆర్థిక మాంద్యంలో సమానం అనే మాట ఇంకా పల్చనైపోయింది. చివరికి 1954 మే 17న అదే కోర్టు వేరు బడి సమానం కాజాలదని తేల్చింది. మన దగ్గర చట్టం ఏనాడూ వేరు చేయమనలేదు. అందుచేత కొట్టివేయడానికి కోర్టుకు చట్టమూ లేదు. వీధీ, అరుగూ, అలవాటూ, 'నిధుల లభ్యతను బట్టి' అనే వాక్యమూ కలిసి చేసిన పనిని ఏ బెంచి కొట్టివేయగలదు?

మాంద్యం మన సీమను కూడా తాకింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించగా దత్తమండలాలు రాయలసీమ అయ్యాయి. పేరు మారిన మరుసటి ఏడే ధాన్యం ధరలు పడిపోవడం మొదలైంది. రైతు చేతిలో పంట ఉన్నా శిస్తు కట్టడానికి రూపాయి లేదు. బోర్డులకు వసూళ్లు లేవు. 1934లో తాలూకా బోర్డులే రద్దయి, వాటి బడులూ రోడ్లూ జిల్లా బోర్డుల నెత్తిన పడ్డాయి.

సరిగ్గా ఆ రోజుల్లో కర్నూలు పక్కన పెద్దపాడులో ఒక మాల కుటుంబంలో పుట్టిన పిల్లవాడు చదువుకుంటున్నాడు. 1921లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. మేనమామ ఊరు పాలకుర్తిలో పశువులు కాశాడు. అన్న కూలి చేసి, మగ్గం నేసి ఇల్లు నడిపాడు. పెద్దపాడులో నాలుగో తరగతి దాకా, తర్వాత కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ బడి, 1935లో మునిసిపల్ హైస్కూలు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. జిల్లాలో మొదటివాడుగా ప్యాసయ్యాడు. ఆయనే దామోదరం సంజీవయ్య గారు. యుద్ధకాలంలో కొంతకాలం గుమాస్తాగిరీ కూడా చేశారు గనుక మనవారే అనుకోవచ్చు. 1960 జనవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ కులాల నుంచి ముఖ్యమంత్రి అయిన మొదటి మనిషి. దిక్కులేని వృద్ధులకు పింఛను మన రాష్ట్రంలో ఆయన హయాంలోనే మొదలైంది. పింఛనుదారుల పత్రికలో ఇది రాయకపోతే బాగుండదు.

ఆయన దారిని పద్దుల కళ్లతో చూడండి. పల్లె బడి నాలుగో తరగతితో ఆగిపోయింది. మధ్యలో అందుకున్నది మిషన్. చివరి మెట్టు మునిసిపాలిటీ. పట్టణంలో ఆ తలుపు తెరిచి ఉండబట్టి ఒక ముఖ్యమంత్రి వచ్చాడు. పల్లెలోనే ఆగిపోయినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అందరూ జిల్లా ఫస్టు రాలేరు, రానక్కరలేదు కూడా. మామూలు పిల్లవాడు మామూలుగా చదివి మామూలు గుమాస్తా అయ్యే వీలు ఉండాలి. మనమంతా అలా అయినవాళ్లమే కదా!

1938లో ఎం.సి. రాజా గారు మద్రాసులో పౌర అనర్హతల తొలగింపు చట్టం చేయించారు. వీధి, బావి, ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఎవరికీ నిరాకరించరాదని. 1949లో హరిజన సంక్షేమ శాఖ ఏర్పడి లేబర్ స్కూళ్లు అందులో చేరాయి. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలతో చట్టం వచ్చింది. కాగితం మీద పని పూర్తయింది.

నేల మీద మాత్రం ఖర, నందన సంవత్సరాల కరువు వచ్చింది. 1951, 52లలో రాయలసీమలో వానలు వరుసగా మొరాయించాయి. గంజి కేంద్రాలు తెరిచారు. రాజాజీ ముఖ్యమంత్రిగా ఉండగా బావులు లోతు చేయడానికి సైన్యాన్ని దింపారు. మళ్లీ కంకర పనులు, మళ్లీ రోడ్లు. నేను అప్పటికి ఒడిలో పిల్లవాణ్ని. గంజి కేంద్రం దగ్గర రెండు వరుసలు ఉండేవని మా నాయన చెప్పేవాడు. రెండో వరుస ఎవరిదని నేను అడిగిన గుర్తు లేదు, అడగనక్కరలేని కాలం అది.

ఆ కరువు ఇంకా పూర్తిగా తీరకముందే 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. సుమారు అరవై వేల జనాభా ఉన్న ఊరు. ఆఫీసులకు గుడారాలు వేశారు. ఉద్యోగులు మద్రాసు నుంచి పెట్టే బేడా సర్దుకుని వచ్చి ఎండకూ దుమ్ముకూ అల్లాడిపోయారు. మంత్రుల కార్లు తిరగాలి గనుక వీధుల మీద కంకర, తారు పడ్డాయి. మూడేళ్లకు, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు పోయింది. వేసిన రోడ్లు మాత్రం మిగిలాయి. ఊరి పెద్దలు చాలా కాలం 'రాజధాని రోడ్డు' అని చెప్పుకునేవారు. రాజధాని బడి అని చెప్పుకున్నట్టు నేను వినలేదు.

1959లో జిల్లా బోర్డులు పోయి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. నేను 1972లో ఒక పల్లె ప్రాంతపు ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 1977లో 'పనికి ఆహారం' పథకం వచ్చింది. కూలికి గోధుమలు ఇచ్చేవారు. పేరు కొత్తది, పని పాతది, గరుసు రోడ్డు. ఆ రోజుల్లో ఒక ఊరికి రోడ్డుతోపాటు ఒక బడి గది కూడా మంజూరైంది. ఊరి పేరు రాయను, అక్కడివారు ఇప్పుడు కలిసి ఉంటున్నారు. స్థలం కోసం రెండు అర్జీలు వచ్చాయి. ఊరివారు గుడి దగ్గర కట్టమన్నారు. కాలనీవారు కాలనీ దగ్గర కట్టమన్నారు. రెండు అర్జీల్లోనూ ఒకటే వాక్యం ఉంది, 'చిన్న పిల్లలు అంత దూరం నడవలేరు' అని. దూరం కొలిపించాము. మూడు ఫర్లాంగులు! అప్పటి సెక్షన్ ఇంజనీరు కొత్తగా వేసిన రోడ్డు మీద, రెండింటికీ నడుమ, పోరంబోకులో గుర్తు పెట్టి వచ్చాడు. నోటు పెట్టింది నేను. స్థలం నడిమధ్య ఉన్నదనీ, పోరంబోకు కాబట్టి పరిహారం అక్కరలేదనీ రాశాను. మిగతా కారణం రాయలేదు, రాస్తే ఫైలు ఇంకో ఏడాది తిరిగేది. బడి కట్టారు. మొదటి ఏడు ఊరి పిల్లలు సగం మందే వచ్చారు. మూడో ఏడుకు అందరూ వచ్చారు. వర్షం వస్తే తలదాచుకోవడానికి ఆ రోడ్డు మీద అదొక్కటే కట్టడం, అది కూడా ఒక కారణం కావచ్చు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. కరువు పని అంతవరకు దొరవారి దయ, తర్వాత సర్కారు దయ. ఆ రోజు నుంచి హక్కు అయింది. ఇది మన సీమలోనే మొదలుకావడం న్యాయమే.

ఇప్పుడు వేరు బడి లేదని అనుకుంటాం. నేను కిందటేడు మనవడిని బడిలో దింపుతూ చూశాను. ఫీజు కట్టగలిగినవారి పిల్లలు బస్సెక్కి టౌనుకు పోతున్నారు. ఊరి సర్కారు బడిలో మిగిలినవారు ఎక్కువగా కాలనీ పిల్లలే. ఎవరూ ఎవరినీ తీసివేయలేదు. రోడ్డు బాగుపడింది, బస్సు వచ్చింది, అంతే.

మన సంఘంలో ఒక మిత్రుడున్నాడు. ఆయన ఒప్పుకోలేదు గనుక పేరు రాయడం లేదు. కడప జిల్లావాడు, నాకంటె నాలుగేళ్లు పెద్ద. ప్రతి నెలా బ్యాంకు దగ్గర కలుస్తాం. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే ఆయన అన్న మాట: 'ఆ లేబర్ స్కూలు లేకపోతే నేను ఆఫీసులో కాలు పెట్టేవాణ్ని కాదయ్యా. కాని అది ఉందని చెప్పే, ఊరి బడి వాళ్లు నన్ను పంపేసినారు. దాన్ని పొగడమంటావా, తిట్టమంటావా?' నేను ఏమీ చెప్పలేకపోయాను. వాళ్ల అయ్యవారు వేపచెట్టు కింద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవాడట. కరువు ఏడు జీతం మూడు నెలలు రాకపోయినా బడి మూయలేదట. ఆ అయ్యవారి పేరు ఆయనకు ఇప్పటికీ ఇంటిపేరుతో సహా గుర్తుంది.

అందుకే కార్యవర్గం వారి అనుమతితో ఒక మనవి. మనలో లేబర్ స్కూలులో, హరిజన సంక్షేమ బడిలో, మిషన్ బడిలో అక్షరాలు దిద్దినవారు ఉన్నారు. వాటిలో పాఠాలు చెప్పినవారూ ఉన్నారు. నంద్యాల జిల్లా 2022లో వేరుపడింది గనుక అక్కడి మిత్రులు కూడా వేరనుకోకుండా రాయండి. ఒక తెల్ల కాగితం మీద ఊరు, బడి ఉన్న చోటు, కప్పు గడ్డిదా రేకుదా, అయ్యవారి పేరు, మీరు చేరిన సంవత్సరం, ఏ తరగతితో అది ఆగిపోయిందో రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. చేతులు వణికేవారు మనవళ్ల చేత రాయించండి. వచ్చిన కాగితాలన్నిటినీ తాలూకా వారీగా కుట్టి, ఒక రిజిస్టరు తయారుచేసే పని నేను చూసుకుంటాను. అలవాటైన పనే.